మేడమెట్ల రెయిలింగ్

అద్దాలాయన షాపు బజారు మలుపులో ఉంటుంది, ఒక్క షట్టరంత వెడల్పున. ఎడమ గోడ నిండా కళ్లజోళ్ల ఫ్రేములు, కుడిపక్క గాజు బల్ల, లోపల అక్షరాల బోర్డు. బోర్డుకీ కుర్చీకీ మధ్య ఉండాల్సినంత దూరం ఆ షాపులో లేదు కాబట్టి, అక్షరాల్ని కుడిఎడమలుగా తిప్పి రాయించి, ఎదురుగా నిలువుటద్దం పెట్టి అందులో చదివించేవాడు. బయట బోర్డు మీద ఆయన అసలు పేరు ఉంది. కానీ అది చదవగలిగేంత చూపున్నవాళ్లకి ఆ షాపుతో పనిలేదు. అందుకని ఇరవయ్యేళ్లుగా అందరికీ ఆయన అద్దాలాయనే.

చెయ్యి తిరిగిన మనిషి. బియ్యపు గింజలో సగం ఉండే మరని ఊపిరి బిగబట్టి ఫ్రేములో బిగించేవాడు. తేడా అన్నది కంటికి ఆనితే చాలు, సరిచేసేదాకా నిద్రపట్టదు. అలాంటివాడికి నలభై ఆరో ఏట వెల్డింగ్ పిచ్చి పట్టింది.

అది పట్టిన తీరు కూడా చిత్రమే. ఒకరోజు షాపు షట్టరు కింద పట్టీ ఊడిపోతే వెల్డర్ని పిలిపించాడు. అతను పని చేస్తున్నంతసేపూ, కళ్లకి అడ్డం పెట్టుకోమని అతను ఇచ్చిన నల్లద్దం లోంచి ఇనుము నీళ్లలా కరిగి మళ్లీ బిగుసుకోవడం చూస్తూ నిలబడిపోయాడు. కళ్లజోడు కోసం వచ్చినావిడ రెండుసార్లు దగ్గి, మూడోసారి వెళ్లిపోయింది. ఆ నెలాఖరుకే ఇంటి వెనక బట్టలుతికే రాయి పక్కన చిన్న వెల్డింగ్ మెషీను, ముఖానికి మంచి ముసుగు, తోలు చేతొడుగులు వచ్చి కూర్చున్నాయి.

"చొక్కాలన్నీ జల్లెడలు చేసేస్తున్నారు. ఇక మీకు వాటితో పిండి జల్లించుకోవడమే," అంది భార్య, నిప్పురవ్వలు పడి చిల్లులైన చొక్కాని వెలుగుకి పట్టి చూస్తూ. ఆవిడ పిల్లల బడిలో టీచరు. ఆ చొక్కాల్ని చింపి బల్లలు తుడిచే గుడ్డలు చేసేది.

సెలవురోజు వస్తే చాలు, ఆయన పెరట్లో ఉండేవాడు. మొదట చెప్పుల స్టాండు చేశాడు. తర్వాత మొక్కల స్టాండు, షాపులోకి రెండు స్టూళ్లు. అతుకు పెట్టగానే దాని మీద గడ్డకట్టిన చిట్టేన్ని సుత్తితో రాల్చి, గ్రైండరు పట్టి, ఉబ్బెత్తంతా అరగదీసి, నున్నగా చేసి రంగు వేసేవాడు. ఎక్కడ అతికించాడో వేలు పెట్టి చూపించలేరు. చూసినవాళ్లంతా "కంపెనీ సరుకులా ఉందండీ" అనేవారు. ఆ మాట వినబడితే ఆయన ముఖం వెలిగిపోయేది.

ఇంతలో అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది.

అత్తగారు రెండు వీధుల అవతల కొడుకు దగ్గర ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫయ్యేళ్లు ఆపరేటరుగా చేసిన మనిషి. ఎవరితో మాట్లాడినా లైను ఎప్పుడు కలపాలో, ఎప్పుడు తెంపాలో ఆవిడ చేతిలోనే ఉంటుంది. పెళ్లయిన నాటి నుంచీ ఆయన్ని "అల్లుడుగారూ, మీరు" అనే పిలిచేది. అందులో మర్యాద ఎంతో, దూరం కూడా అంతే. ఆవిడ ప్రాణమంతా మేడమీది పూలకుండీల్లో ఉంటుంది. మేడకి బయటి నుంచి పదహారు మెట్లు. ఒకవైపు గోడ, రెండోవైపు ఏమీ లేదు. ఆపరేషన్ తర్వాత ఆవిడ నాలుగు మెట్లెక్కి, కిందికి చూసి, గోడకి అతుక్కుపోయి, కొడుకుని కేకేసిందట.

"మెట్లకి రెయిలింగ్ నేను చేస్తాను," అన్నాడు అద్దాలాయన.

మూడు వారాలు పట్టింది. ఏడు నిలువు గొట్టాలు. ఒక్కోదాని అడుగున మందపాటి ఇనప పలక, ఆ పలకని బోల్టులతో మెట్టుకి బిగించాలి. పైన చెయ్యి పట్టుకునేందుకు గుండ్రటి కమ్మీ. అంతా నున్నగా అరగదీసి ఆకుపచ్చ రంగు వేశాడు. అత్తగారు కమ్మీ మీద అరచెయ్యి ఆనించి పై దాకా వెళ్లి, కుండీలన్నీ చూసుకుని, కిందికి దిగి వచ్చింది.

"బాగుంది అల్లుడుగారూ," అంది. రెండు దశాబ్దాల్లో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆ సాయంత్రం ఇంటికి నడిచివస్తుంటే ఆయన కాళ్లు నేలమీద లేవని భార్య ఇప్పటికీ నవ్వుతుంది.

ఆరు నెలలు గడిచాయి.

ఒకరోజు షాపుకి పొడుగాటి ముసలాయన ఒకడు వచ్చాడు. కంటిపొర ఆపరేషన్ అయి నెల దాటింది, అద్దాలు కావాలన్నాడు. మెడ మీద, ముంజేతుల మీద చిన్నచిన్న తెల్లమచ్చలు, ఎప్పటివో కాలిన గుర్తులు. కూర్చోమని స్టూలు చూపిస్తే కూర్చోకుండా దాన్ని ఎత్తి బోర్లా తిప్పాడు. చూపు ఆనడం లేదు కదా, కాలు పలకని కలిసేచోట బొటనవేలి గోరుతో మెల్లగా గీస్తూ వెళ్లాడు.

"ఎవరు చేశారిది?"

"నేనేనండీ," అన్నాడు అద్దాలాయన, పొగడ్త కోసం సిద్ధపడుతూ.

"ఊఁ," అని స్టూలు కింద పెట్టి, దానిమీద కూర్చోకుండా గోడవార బల్లమీద కూర్చున్నాడు పెద్దాయన.

అద్దాలాయనకి ఎక్కడో గుచ్చుకుంది. నంబరు చూసి, ఫ్రేము కొలతలు తీసుకుని, ఇక ఆగలేక అడిగేశాడు. "బాగోలేదా మాస్టారూ?"

"బాగుంది. అద్దంలా ఉంది. కానీ నేనేం చూడాలి బాబూ? చూడాల్సిందంతా గీకేశావు కదా."

పెద్దాయన నలభయ్యేళ్లు ఆవిరి గొట్టాలు, ఓడల అడుగుపలకలు అతికించిన మనిషి. అందరూ గొట్టాల తాత అంటారట. నింపాదిగా చెప్పాడు. అతుకు అంచులు రెండువైపులా ఇనుములోకి మెత్తగా కలిసిపోవాలి. తాడు తెచ్చి పైన పడేసినట్టు ఉబ్బి నిలబడితే అది లోపలికి దిగలేదన్నమాట. అంచు పక్కన గోరు దిగబడిందంటే అక్కడ ఇనుము కోసుకుపోయిందన్నమాట. చిన్నచిన్న బొక్కలుంటే అతుకులోకి కరిగించే రాడ్డు చెమ్మగా ఉందనో, ఇనుము మీద తుప్పూ రంగూ ఉన్నాయనో అర్థం.

"ఇవన్నీ పైకి కనిపించే సంగతులు. నువ్వు గ్రైండరు పెట్టి వాటిని చెరిపేశావు. పైగా బలం మోసే కండ కూడా కొంత కోసేశావు."

"మరి లోపల ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?"

"విరిచి చూడు."

"చేసిన స్టూలునా?"

"స్టూలెందుకు? అలాంటిదే ఒక ముక్క చెయ్యి. అదే ఇనుము, అదే రాడ్డు, అదే కరెంటు. గ్రైండరు జోలికి పోకు. వచ్చే ఆదివారం వస్తా. విరగ్గొట్టడమంటే నాకు భలే సరదా," అని తాత మొదటిసారి నవ్వాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు కూడా. అద్దాలాయన రెయిలింగ్ చేయగా మిగిలిన గొట్టం, పలక తీసి, రెయిలింగ్‌కి పెట్టినట్టే నాలుగువైపులా అతుకు పెట్టి ఉంచాడు. చిట్టెం రాల్చాక చూస్తే వరస చక్కగా, అలలు అలలుగా వచ్చింది. ఇదేదో నెగ్గేలాగే ఉందనుకున్నాడు.

తాత గోరుతో తడిమి, "ముఖం బాగానే ఉంది," అన్నాడు. పలకని ఇనప దవడల వైసులో బిగించి, గొట్టానికి పొడుగాటి పైపు తొడిగి, "లాగు," అన్నాడు.

అద్దాలాయన లాగాడు. గట్టిగా కూడా కాదు, తలుపు తీసినంత. టక్ మంది. పైపూ గొట్టమూ చేతిలోకి వచ్చేశాయి. ఆయన రెండడుగులు వెనక్కి తూలి ఉతుకురాయి మీద కూలబడ్డాడు.

తాత పలక మీద వేలు పెట్టాడు. "చూడు. నాకు సరిగ్గా కనబడదు, నువ్వే చదువు. ఏముంది?"

పలక మీద ఏమీ లేదు. అతుకు ఉండాల్సిన నాలుగువైపులా బూడిదరంగు పలక, మొదట ఎంత నున్నగా ఉందో అలాగే ఉంది. ఒకచోట ఇనప కొట్టువాడు సుద్దతో గీసిన గీత కూడా చెక్కుచెదరలేదు. కరిగిన ఇనుమంతా గొట్టానికి అంటుకుంది. పలకని ముట్టుకుని ఊరుకుంది, అంతే.

"గొట్టం పలచన, పలక మందం," అన్నాడు తాత. "గొట్టానికి చిల్లు పడుతుందని భయపడ్డావు. కరెంటు తగ్గించావు. మంటంతా గొట్టం వైపే తిప్పావు. పలక వేడెక్కనే లేదు. కొత్తవాళ్లందరూ చేసే పనే, నువ్వేం మొనగాడివి కాదులే."

అద్దాలాయన నవ్వలేదు. ఏడు గొట్టాలు, ఏడు పలకలు, పదహారు మెట్లు కళ్లముందు తిరిగాయి.

"మాస్టారూ, మా అత్తగారు రోజుకి రెండుసార్లు మేడెక్కుతుంది," అన్నాడు.

"పద," అని తాత పంచె దులుపుకుని లేచాడు.

వాళ్లు వెళ్లేసరికి అత్తగారు గుమ్మంలో కూర్చుని కుండీల మట్టి జల్లిస్తోంది. బావమరిది బస్సు డ్రైవరు. డ్యూటీ లేని రోజు కాబట్టి బనియనుతో పేపరు చదువుకుంటున్నాడు. అద్దాలాయన చేతిలో గ్రైండరు, పైపు, వెనకాల ఎవరో ముసలాయన. ఇవన్నీ చూసి పేపరు మడిచాడు.

"ఏంటి బావా, మెట్లని కూడా అరగదీసేస్తావా?"

అద్దాలాయన దారిలో మాటలు కూర్చుకుంటూ వచ్చాడు గానీ నోరు తెరిచేసరికి ఒక్కటీ మిగల్లేదు. "అత్తయ్యా, ఆ రెయిలింగ్ పట్టుకోకండి. నేను సరిగ్గా చెయ్యలేదు. తీసేస్తాను," అన్నాడు.

"ఆరు నెలల్నించి రాయిలా నిలబడింది కదా! బిగించిన రోజు నేను కూడా దానికి వేలాడాను. నా బరువు నీకు తెలుసుగా," అన్నాడు బావమరిది పొట్ట నిమురుకుంటూ.

"నిలబడిందని నేనూ చూస్తున్నాను. ఎందుకు నిలబడిందో నాకు తెలీదు. అదే నా భయం."

అత్తగారు జల్లెడ పక్కన పెట్టింది. "ఈయనెవరు?" అంది.

"వెల్డింగ్ మాస్టారు."

"అయితే కుర్చీ తీసుకురారా," అని కొడుక్కి చెప్పి, తన కుర్చీ మెట్లకి ఎదురుగా లాక్కుని కూర్చుంది. "కానివ్వండి. నా కళ్లముందే కానివ్వండి."

అద్దాలాయన పై కమ్మీని ఏడుచోట్ల కోసి తీసేశాడు. మొదటి గొట్టానికి పైపు తొడిగి పక్కకి లాగాడు. గొట్టం మూలిగింది, మెడ వాల్చినట్టు వంగింది గానీ అతుకు వదల్లేదు. రెండోదీ అంతే. మూడోదానికైతే బావమరిది కూడా చెయ్యి వెయ్యాల్సివచ్చింది. గొట్టం నలిగి మడతపడింది, అతుకు మాత్రం పలకని వదల్లేదు.

"చాలు బావా! బంగారంలాంటి రెయిలింగ్‌ని నీ చేతులతో నువ్వే చంపుకుంటున్నావు," అన్నాడు బావమరిది చెమట తుడుచుకుంటూ.

అద్దాలాయనకి కూడా మనసు ఊగింది. నాలుగోదాని ముందు నిలబడి తాత వైపు చూశాడు. తాత ఆకాశం వైపు చూస్తున్నాడు.

నాలుగోదానికి పైపు తొడిగి అలా ఆనాడో లేదో, టక్ మంది. గొట్టం మెట్ల మీద దొర్లుకుంటూ పోయి అత్తగారి కుర్చీ కాలికి తగిలి ఆగింది. అయిదోది అంత తేలిగ్గా రాలేదు గానీ, గట్టిగా లాగితే ఒక పక్క నుంచి మెల్లగా లేచి ఊడి వచ్చింది. ఆరు, ఏడు వంగి నిలబడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. రెయిలింగ్ చేసేటప్పుడు మూడో గొట్టానికి చిల్లు పడితే విసుగెత్తి కరెంటు బాగా తగ్గించాడు. నాలుగు, అయిదు అలాగే చేశాడు. రాడ్డు మాటిమాటికీ అంటుకుపోతుంటే ఆరోదానికి మళ్లీ పెంచాడు. అరగదీసి రంగు వేశాక ఏడూ ఒక్కలాగే కనిపించాయి.

అత్తగారు వంగి కాలి దగ్గర పడ్డ గొట్టాన్ని తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. దాని అడుగున వేలితో రాసింది. "ఇది ఎనిమిదో మెట్టు దగ్గరిది కదూ?"

"అవునత్తయ్యా."

"అక్కడే నేను ఆగి ఊపిరి తీసుకునేది. నీళ్ల బిందె దానికి ఆనించి."

అద్దాలాయన ఎనిమిదో మెట్టు మీదే కూర్చుండిపోయాడు. బావమరిది లోపలికి వెళ్లి అందరికీ మంచినీళ్లు తెచ్చాడు.

కాసేపటికి అత్తగారే అంది. "నాయనా, నీళ్లు తాగు. పడలేదు కదా నేను. నువ్వు రాకపోతే పడేదాన్నేమో. నిన్నెవరూ అడగలేదు, నీ అంతట నువ్వే వచ్చావు."

'నాయనా', 'నువ్వు' అన్న ఆ పిలుపు ఆయన వెంటనే గమనించలేదు. ఇంటికి వెళ్లాక భార్యతో జరిగిందంతా చెబుతుంటే ఆవిడే పట్టుకుంది. "అమ్మ మిమ్మల్ని నాయనా అందా?" అని రెండుసార్లు అడిగింది.

తర్వాతి ఏడు వారాలూ మెట్లకి అడ్డంగా తాడు కట్టే ఉంది. పూలకి నీళ్లు పోసే పని బావమరిది మీద పడింది. కింద నుంచి తల్లి, "ఆ మూల దానికి పొయ్యలేదురా, ఆకు మీద కాదు మొదట్లో," అని అరుస్తూనే ఉండేది. "బావా, తొందరగా నేర్చుకో, నా ఉద్యోగం పోయేలా ఉంది," అని అతను రోజూ షాపు ముందు బస్సు నెమ్మది చేసి మరీ చెప్పిపోయేవాడు.

అద్దాలాయన రోజూ షాపు కట్టేశాక గంటసేపు పెరట్లో కూర్చునేవాడు. ఏ వస్తువూ చెయ్యలేదు. ముక్కలు అతికించడం, విరగ్గొట్టడం, అంతే. రంగూ తుప్పూ గీకి ఇనుము తెల్లబడేదాకా శుభ్రం చేశాడు. కరెంటు పెంచి, మంటని పలక మీద ఎక్కువసేపు నిలిపి, అక్కడ కరిగిన మడుగు కనబడ్డాకే గొట్టం వైపు జరపడం అలవాటు చేసుకున్నాడు. మొదట్లో గొట్టాలకి చిల్లులే చిల్లులు. ప్రతి ముక్క మీదా సుద్దతో కరెంటు అంకె రాసేవాడు. విరిగితే ఎక్కడ విరిగిందో షాపులోంచి తెచ్చిన భూతద్దంతో చూసేవాడు. అతుకు తాలూకు ఇనుమే చిరిగి గరుకుగా ఉంటే నయం. పలక నున్నగా బయటపడితే మళ్లీ మొదటికి. తాత నేర్పిన ఇంకో పద్ధతి, అతుకుని అడ్డంగా కోసి, నున్నగా రుద్ది, బాత్రూం కడిగే యాసిడ్ చుక్క వెయ్యడం. కాసేపట్లో అతుకు ఎంత లోతుకి దిగిందో వేరే రంగులో చెట్టు వేరులా తేలేది. ఆ ముక్కల్ని భార్య బడికి తీసుకెళ్లి పిల్లలకి చూపించింది కూడా. "మా ఆయన ఎక్స్‌రేలు" అని చెప్పిందట.

ఆయన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది చెయ్యి కాదు, కన్ను. చక్కగా ఉన్నదాన్ని మంచిదనుకునే అలవాటు ఒక పట్టాన వదలదు. ఒకరోజు వంకరటింకరగా, చూడ్డానికి వికారంగా వచ్చిన అతుకు ఒకటి ఎంత లాగినా రాలేదు. గొట్టమే మెలి తిరిగింది. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కోపంగా చూశాడు.

తాతకి ఈలోగా కొత్త అద్దాలు తయారయ్యాయి. పెట్టుకుని మొదట తన చేతులు చూసుకున్నాడు, తర్వాత అద్దాలాయన ముఖం. "నువ్వింత నల్లగా ఉంటావనుకోలేదే," అన్నాడు. వెంటనే పెరట్లోకి నడిచి బకెట్లో ముక్కలన్నీ కింద పోయించి ఒక్కొక్కటే చూశాడు. చివరి నలభైలో ఒక్కటీ పలక వదల్లేదు.

"రెయిలింగ్ మీరు చేస్తారా మాస్టారూ?" అని అడిగాడు అద్దాలాయన.

"ఈ వయసులో నేను వంగితే మళ్లీ లేవడానికి నాకే రెయిలింగ్ కావాలి. మీ అత్తగారినే అడుగు."

అడిగాడు. "బజార్లో మంచి వెల్డరున్నాడత్తయ్యా, అతనితో చేయించమంటే చేయిస్తాను. నన్నే చెయ్యమంటే నేను చేస్తాను. ఆలోచించుకుని చెప్పండి."

ఆవిడ నిజంగానే ఆలోచించింది. మర్నాడు ఫోన్ చేసి, "నువ్వే చెయ్యి. ఈసారి గీకకు. నాకు అతుకులు కనబడాలి," అని ఫోన్ పెట్టేసింది.

అలాగే చేశాడు. అతుకులన్నీ ఉబ్బెత్తుగా, చేప పొలుసుల్లా పైకే కనిపిస్తాయి. బిగించే ముందు తాత వచ్చి ఏడింటినీ కళ్లతో, గోరుతో, మళ్లీ కళ్లతో చూశాడు. రెండోదాని దగ్గర గోరు ఆగింది. "ఇక్కడ అంచు కోసుకుంది. బహుశా ఏమీ కాదు," అన్నాడు. అద్దాలాయన మారు మాట్లాడకుండా దాన్ని కోసేసి మళ్లీ చేశాడు. చివరికి బావమరిది ఒక్కో గొట్టాన్నీ పట్టుకుని ఊగాడు. అత్తగారు ఎనిమిదో మెట్టు దగ్గర ఆగి, బిందె దించి, ఊపిరి తీసుకుని, పైకి వెళ్లింది. చాలాసేపు దిగి రాలేదు. పైనుంచి కుండీలు జరుపుతున్న చప్పుడు, కొడుకు నీళ్లు పోసిన తీరుకి తిట్లు మాత్రం వినబడ్డాయి.

ఇది జరిగి నాలుగేళ్లయింది. వీధిలో వాళ్లు ఇంకా పనులు తెస్తూనే ఉంటారు. పుస్తకాల అరలు, బట్టల స్టాండ్లు సంతోషంగా చేస్తాడు. ఉయ్యాల కొక్కెం, నిచ్చెన, నీళ్ల ట్యాంకు స్టాండు అంటే ముందు ముక్కలు చేసి విరిచి చూస్తానంటాడు, అందుకు నెల పడుతుందంటాడు. తొందరగా కావాలన్నవాళ్లని బజారు వెల్డరు దగ్గరికి పంపుతాడు. నిచ్చెన అడిగిన ఎదురింటావిడ దానికి అలిగి, మూడు నెలలు పలకరించకుండా, కళ్లజోడు కూడా వేరే షాపులో చేయించుకుంది. దాని ముక్కుపట్టీ వదులై జారిపోతుంటే చివరికి ఆయన దగ్గరికే వచ్చింది. ఆయన బిగించి ఇచ్చాడు. నిచ్చెన సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

మొన్న ఆదివారం చేసిన ముక్కల్లో ఒకదాంట్లో మళ్లీ బొక్కలు పడ్డాయి. వానాకాలం, రాడ్లు చెమ్మెక్కాయి. విరిగిన చోట భూతద్దం పెట్టి చూసి, "ఇదిగో, నాలుగు," అని లెక్కపెట్టి భార్యకి చూపించాడు. ఆవిడ బట్టలారేస్తూ వంగి చూసి, "అయిదు," అంది.